ఓ బనానా రిపబ్లిక్కూ, ఇంతకీ నీ పేరేంటి?

డియర్ బనానా రిపబ్లిక్,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలెడదామనుకున్నా, కానీ నువ్వెప్పుడు క్షేమంగా ఉన్నావు గనక, నేను చూసిన ప్రతిసారీ నీ రేడియో స్టేషన్ ముందు ట్యాంకులే. పండ్ల కంపెనీలు ఆడించినట్టు ఆడే, కథల్లోనూ సినిమాల్లోనూ గేముల్లోనూ పుట్టిన బుల్లి లాటిన్ అమెరికా దేశానివి నువ్వు, పోనీ పేరు పెట్టి పిలుద్దామంటే ఏ పేరని పిలవను? 1904లో ఒకాయన ఆంచూరియా అన్నాడు, అదే ఏడాది ఇంకొకాయన కోస్టాగ్వానా అన్నాడు, తర్వాత సాన్ థియోడోరోస్, సాన్ లోరెంజో, సాన్ మార్కోస్, వాల్ వెర్దే, శాంటా ప్రిస్కా, సాన్ ఎస్పెరీటో, యారా... ఇన్ని పేర్లున్న మనిషి కోసం మా దగ్గరైతే బ్యాంకు రికవరీ వాళ్లు వీధివీధీ తిరుగుతుంటారు. డీసీ కామిక్స్ వాళ్లు నీకు పెట్టిన కోర్టో మాల్టీజ్ అనే పేరు చూడు, అది అసలు ఒక ఇటాలియన్ కామిక్‌లో నావికుడి పేరు. పేరు కూడా పక్కింటివాడి దగ్గర అరువు తెచ్చారన్నమాట.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మొన్న మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి వస్తూ నాకో ఫార్మల్ షర్ట్ తెచ్చాడు, కాలర్ వెనక లేబుల్ మీద నీ బిరుదే ఉంది. 1978లో కాలిఫోర్నియాలో మొదలైన షాపంట, 1983లో గ్యాప్ కంపెనీ కొనేసిందంట. ఎవరి దేశాన్నో ఎగతాళి చేయడానికి పుట్టిన మాటని నేను నీట్‌గా ఇన్‌షర్ట్ చేసి ఆఫీసుకి వేసుకెళ్తున్నా. మా ఇస్త్రీ ఆయన క్లాత్ పట్టుకుని చూసి మంచి సరుకు బాబూ అన్నాడు. ఆ రాత్రే అనుకున్నా, నీతో ఓసారి మాట్లాడాలి అని.

నీ పుట్టుక సంగతే తీసుకుందాం. స్కూల్లో మనందరి చేతా ఇంగ్లిష్‌లో కథలు చదివించారే ఓ హెన్రీ అని, ఆయన చేతుల్లో పుట్టావు నువ్వు. ఆయన ఆస్టిన్‌లో బ్యాంకులో పనిచేసేటప్పుడు లెక్కల్లో తేడా వచ్చిందని కేసు పడితే 1896లో హోండురాస్ పారిపోయాడు. సముద్రం ఒడ్డున ట్రుహియో అనే ఊళ్లో కొన్నాళ్లు తలదాచుకుని, భార్య జబ్బు ముదిరిందని తెలిసి 1897లో తిరిగొచ్చి, తర్వాత జైలుకెళ్లాడు. ఆ ఊరినీ ఆ ఎండనీ ఆ బద్ధకాన్నీ అన్నీ కలిపి 1904లో పుస్తకం వేశాడు, దేశం పేరు ఆంచూరియా, రేవు పేరు కొరాలియో. అంటే నీ జాతకంలో తండ్రి కాలమ్‌లో రాయాల్సింది 'పరారీలో ఉన్న నిందితుడు' అని. బాధపడకు, చాలా దేశాల చరిత్ర ఇంతకంటే ఏం గొప్పగా లేదు.

ఆ పుస్తకంలో నీకు నేవీ ఎలా వచ్చిందో గుర్తుందా? మీ రాజ్యాంగంలో ఎవరూ పట్టించుకోని ఓ సెక్షన్ ఉంటుంది, దేశానికి నౌకాదళం ఉండాలి అని. ఎవడో పెద్దమనిషి అది తవ్వి తీస్తాడు, సరే మరి ఉండాలి కదా అని స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న ఓ చిన్న తెరచాప పడవని నేవీ చేసేస్తారు, పాపం ఊళ్లో అందరూ నవ్వుకునే ఓ అమాయకుణ్ని దానికి అడ్మిరల్ చేస్తారు. 'బనానా రిపబ్లిక్' అనే మాట మొదట అచ్చులో కనిపించేది ఆ అడ్మిరల్ కథలోనే. ఇంకో చోట, కొరాలియోలో ఉన్న అమెరికన్ కాన్సల్‌కి మీ ఊళ్లో చెప్పుల షాపు పెడితే నడుస్తుందా అని ఓ ఉత్తరం వస్తుంది, ఈయన సరదాకి 'ఇక్కడ మంచి షాపే లేదండీ రండి' అని రాసేస్తాడు, తీరా షాపు పెడదామనుకున్న పెద్దాయన నిజంగానే కూతుర్ని తీసుకుని పెట్టెల కొద్దీ సరుకుతో దిగుతాడు, ఊరంతా చూస్తే చెప్పుల్లేకుండా తిరిగే జనం, పైగా ఆ కూతురంటే ఈయనకి పాత ప్రేమ. ఏం చేస్తాడు మరి, అమెరికా నుంచి పల్లేరు కాయల్లాంటి ముళ్లకాయలు 500 పౌన్ల బరువు తెప్పించి రాత్రికి రాత్రి వీధుల్లో చల్లిస్తాడు, తెల్లారేసరికి ఊరంతా కుంటుకుంటూ షాపుకొస్తుంది.

నవ్వుతూ చదివాను, చదివేశాక కాసేపు నవ్వు ఆగిపోయింది. ముల్లు చల్లిందీ వాళ్లే, చెప్పు అమ్మిందీ వాళ్లే కదా.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, అప్పట్లో నీ కథలో ఆ ముల్లు చల్లినవాడు కూడా ఉండేవాడు, పేరుతో సహా. ఆంచూరియాలో వెసూవియస్ ఫ్రూట్ కంపెనీ ఉంది, దానికి కోపమొస్తే ప్రెసిడెంట్ కుర్చీ ఊగేది. కాన్రాడ్ 'నొస్ట్రోమో' నవల్లో రాసిన కోస్టాగ్వానాలో సాన్ టోమే వెండి గని ఉంది, దానికి పెట్టుబడి పెట్టేది శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చున్న హోల్‌రాయిడ్ అనే కోటీశ్వరుడు. కాన్రాడ్ గారి గడుసుదనం చూడు, ఆ నవలకి తర్వాత రాసిన ముందుమాటలో 'ఈ దేశ చరిత్రకి నాకు ముఖ్య ఆధారం డాన్ హోసే అవెయానోస్ రాసిన యాభై ఏళ్ల దుష్పరిపాలన చరిత్ర' అన్నట్టు రాసుకున్నాడు, ఆ డాన్ హోసే నవల్లో పాత్రే, ఆ పుస్తకమూ నవల్లోదే. పైగా కథలో అల్లర్లు జరిగినప్పుడు ఆ చరిత్ర కాగితాలు నాటు తుపాకుల్లో కూరి పేల్చేస్తారు. 1903లో కొలంబియా నుంచి పనామా విడిపోతే ఒడ్డున అమెరికా యుద్ధనౌకలు కాపలా కాశాయి, 1904లో నవల్లో కోస్టాగ్వానా నుంచి సులాకో అనే ప్రాంతం విడిపోతే కొత్త జెండాకి మొదటి సెల్యూట్ కొట్టింది అమెరికా యుద్ధనౌకే. పేర్లు మార్చాడు గానీ పెద్దాయన ఏదీ దాచలేదు.

బెల్జియం కామిక్ టిన్‌టిన్‌లో అయితే మరీ ఓపెన్‌గా ఉంటుంది. 1935లో మొదలెట్టిన కథలో నువ్వు సాన్ థియోడోరోస్, పక్క దేశం న్యువో రికో, మధ్యలో గ్రాన్ చాపో అనే ఎడారి, అక్కడ ఆయిల్ ఉందని రెండు ఆయిల్ కంపెనీలు చెరో దేశాన్ని ఎగదోస్తాయి, ఒకే ఆయుధాల వ్యాపారి ఇటూ అమ్ముతాడు అటూ అమ్ముతాడు. అది ఊహ కాదు, అప్పుడే 1932 నుంచి 1935 దాకా బొలీవియా, పరాగ్వే దేశాలు గ్రాన్ చాకో కోసం కొట్టుకున్నాయి, దాదాపు లక్షమంది పోయారు. ఒక్క అక్షరం మార్చి పిల్లల పుస్తకంలో పెట్టేశాడు హెర్జే. నీ నియంత జనరల్ అల్కాజార్ టిన్‌టిన్‌ని కల్నల్ చేస్తానంటే పక్కనున్నవాడు కార్పొరల్ చేస్తే మేలేమో సార్ అంటాడు, ఎందుకంటే కల్నల్‌లు 3,487 మంది ఉన్నారు, కార్పొరల్‌లు 49 మందే. ఎప్పుడు గుర్తొచ్చినా మా పాత ఆఫీసులో మేనేజర్ల లిస్టే కళ్లముందు కదులుతుంది.

1976లో వచ్చిన చివరి కథలో ఇంకోటుంది. మొదట్లో ఓ మురికివాడ, చుట్టూ చెత్త, ఇద్దరు పోలీసులు లాఠీలతో నడుస్తుంటారు, పక్కన బోర్డు మీద 'టపియోకా వర్ధిల్లాలి' అని ఉంటుంది, టపియోకా అంటే అప్పుడు కుర్చీలో ఉన్న నియంత. మన హీరోలు విప్లవం చేసి అల్కాజార్‌ని గెలిపించి విమానమెక్కి వెళ్లిపోతుంటే చివర్లో అదే మురికివాడ, అదే చెత్త, వేరే యూనిఫాంలో ఇద్దరు పోలీసులు, బోర్డు మీద మాత్రం 'అల్కాజార్ వర్ధిల్లాలి'. మాటల్లేవు. చిన్నప్పుడు పేజీ తిప్పేశాను, బోర్డు మారిందని పెద్దయ్యాక గానీ చూడలేదు.

ఆ తర్వాత సినిమాలొచ్చాయి, గేములొచ్చాయి, నీ కథలోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. 1971లో వుడీ అలెన్ సినిమాలో సాన్ మార్కోస్‌గా వచ్చావు, విప్లవం గెలిచిన నాయకుడు మైకు ముందుకొచ్చి ఇవాళ్టి నుంచి మన భాష స్వీడిష్, అండర్‌వేర్ అరగంటకోసారి మార్చాలి, చెక్ చేయడానికి వీలుగా బట్టల పైన వేసుకోవాలి అంటాడు, బాగానే నవ్వాం. 1985లో కమాండోలో వాల్ వెర్దే అయ్యావు, 1990లో డై హార్డ్ రెండో భాగంలోనూ నీ జనరల్ ఒకడు విమానంలో దిగాడు, అంతే, నీకు ఇంక పాత్ర లేదు, కాల్చడానికి సరిపడా మనుషుల్ని సప్లై చేయడమే నీ పని. ఆ కంపెనీవాడు ఏమయ్యాడు? పూర్తిగా పోలేదులే, యారా అనే గేమ్ దేశంలో ఓ కెనడా వ్యాపారి ఇంకా మిగిలున్నాడు. కానీ పోస్టర్ మీద ఉండేది డిక్టేటర్ ముఖమే, జేబులు నింపుకున్నవాడి ముఖం ఉండదు.

గేముల్లో నువ్వెప్పుడూ ద్వీపమే ఎందుకవుతావో కూడా నాకు తెలుసులే. చుట్టూ సముద్రం ఉంటే మ్యాప్ అంచుకి గోడ కట్టక్కర్లేదు, పక్క దేశం గీయక్కర్లేదు, ఈదుకుంటూ ఎంత దూరం పోయినా నీళ్లే. ప్రోగ్రామర్ పని తగ్గాలని నీకు పొరుగువాళ్లే లేకుండా చేశారు.

నేనేం తక్కువ తిన్నానా అంటే, లేదు. 2001లో వచ్చిన ట్రోపికో అనే కంప్యూటర్ గేమ్ దగ్గర్నుంచి ఆ సిరీస్‌లో నేనే నీ ఎల్ ప్రెసిడెంటే. బిల్డింగ్ పర్మిట్ అని ఓ ఆర్డర్ ఉంటుంది, అది పాస్ చేస్తే కట్టే ప్రతి బిల్డింగ్ మీదా నా స్విస్ అకౌంట్‌లో కొంత పడుతుంది, ఎవరూ అడగరు, పైగా స్కోర్‌లో కూడా కలుస్తుంది. నిజజీవితంలో మున్సిపాలిటీ ప్లాన్ అప్రూవల్ కోసం ఆరు నెలలు తిరిగిన మనిషిని నేను, ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టేటప్పుడు నాకు కలిగిన తృప్తి నీకు చెప్పినా అర్థం కాదు.

సరే, అసలు దేశం పేరే వాడొచ్చుగా, నీలాంటిదాన్ని పుట్టించడం దేనికి అంటావా? 2017లో యూబీసాఫ్ట్ వాళ్లు ఓ గేమ్‌లో డైరెక్ట్‌గా బొలీవియా పేరే పెట్టి, దేశం మొత్తం డ్రగ్స్ ముఠా చేతుల్లోకి పోయినట్టు చూపించారు, బొలీవియా ప్రభుత్వం ఊరుకోకుండా ఫ్రెంచ్ ఎంబసీకి ఫిర్యాదు లెటర్ పంపింది. అదే కంపెనీ 2021లో ఫార్ క్రై ఆరో గేమ్‌కి యారా అనే లేని దేశాన్ని తయారుచేసుకుంది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననట్లేదు. నీకు ఎంబసీ లేదు, ఫిర్యాదు చేయలేవు, అంత వరకే అంటున్నా.

అన్నట్టు ఎంబసీ ఉన్న కల్పిత దేశం కూడా ఒకటుంది, మీ తాత వరస అవుతుంది, పేరు పోయాయిస్. గ్రెగర్ మెక్‌గ్రెగర్ అని స్కాట్లాండ్ మనిషి, వెనిజులా స్వాతంత్ర్య యుద్ధంలో బొలివార్ తరఫున పోరాడి, 1821లో లండన్ వచ్చి, హోండురాస్ వైపు మస్కిటో తీరంలో నాకో దేశముంది, నేనే దాని 'కసీక్'ని అన్నాడు. లండన్‌లో ఆఫీసు తెరిచాడు, 355 పేజీల గైడు పుస్తకం వేయించాడు. ఏడాదికి మూడు పంటలు, వాగుల్లో బంగారం, రాజధాని పేరు సెయింట్ జోసెఫ్. నేను చదువుతుంటే అచ్చం మా హైవే పక్కన వెంచర్ బ్రోచర్ చదివినట్టే ఉంది, ఇంకో పది నిమిషాల్లో ఎయిర్‌పోర్ట్ అని రాయలేదు అంతే. 2 లక్షల పౌన్ల అప్పు కూడా పుట్టించాడు, దేశం లేకుండానే దేశం పేరు మీద. సుమారు 250 మంది నిజమైన పౌన్లు ఇచ్చి పోయాయిస్ డాలర్లు మార్చుకుని 1822, 1823ల్లో రెండు ఓడలెక్కారు. దిగి చూస్తే అడవి. జ్వరాలొచ్చి సగానికి పైగా పోయారు, మిగిలినవాళ్లని బెలీజ్ నుంచి పడవలొచ్చి తీసుకెళ్లాయి. వెనక్కొచ్చినవాళ్లలో కొందరైతే ఆయన తప్పేం లేదని అఫిడవిట్ ఇచ్చారు, ఇది మాత్రం మా ఊళ్లో చిట్టీల కేసులో కూడా చూశాను. ఆయన పారిస్ వెళ్లి మళ్లీ అదే వ్యాపారం పెట్టి, అక్కడ కోర్టులో 1826లో నిర్దోషిగా బయటపడి, చివరికి 1845లో కరాకస్‌లో సైనిక మర్యాదలతో పోయాడు.

ఇంకో సంగతి, నీ తండ్రి చూడకుండానే పోయాడు. ఓ హెన్రీ 1910 జూన్‌లో పోయాడు, అదే డిసెంబర్‌లో శామ్ జెముర్రే అనే అరటి వ్యాపారి డబ్బుతో హోండురాస్ మాజీ ప్రెసిడెంట్ మాన్యుయెల్ బొనియా న్యూ ఆర్లీన్స్ నుంచి ఓడలో బయల్దేరాడు. మొదట్లో వాళ్ల చేతికి చిక్కిన ఊళ్లలో ట్రుహియో కూడా ఉంది, ఓ హెన్రీ దాక్కున్న ట్రుహియోనే. 1912లో బొనియా మళ్లీ ప్రెసిడెంట్. మా రావులపాలెంలో రోజూ లారీల కొద్దీ అరటి గెలలు ఎక్కుతాయి, ప్రభుత్వాలు దిగిన దాఖలా లేదు.

గ్వాటెమాల సంగతి వింటే మా వాళ్లెవరికైనా చప్పున అర్థమవుతుంది. 1952లో అక్కడ ప్రెసిడెంట్ ఆర్బెంజ్ భూసంస్కరణ చట్టం తెచ్చి, యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ఖాళీగా పెట్టుకున్న భూమిని తీసుకుని, మీరే టాక్స్ లెక్కల్లో రాసిన విలువ కట్టిస్తాం అన్నాడు. అది సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు. అమెరికా ప్రభుత్వం కంపెనీ తరఫున అడిగింది 1 కోటి 58 లక్షలు. రిజిస్ట్రేషన్ వాల్యూ ఒకటి, మార్కెట్ వాల్యూ ఒకటి, అంతే కదా, స్టాంప్ డ్యూటీ మిగుల్చుకుందామని తక్కువ చూపించినోడు హైవేలో భూమి పోయేటప్పుడు నెత్తీనోరూ కొట్టుకుంటాడు చూడు. తేడా ఏంటంటే మా వాడు కోర్టుకెళ్తాడు, అక్కడ సీఐఏ వెళ్లింది. 1954 జూన్‌లో ఆర్బెంజ్ దిగిపోయాడు. ఆ కంపెనీ ఇప్పుడు పేరు మార్చుకుని చికీటా. నీకూ దానికీ పేర్లు మార్చుకోవడంలో పోలిక బాగానే ఉంది, కాకపోతే దాని మీద గేమ్ ఎవరూ తీయట్లేదు.

సరే, చాలా పొద్దుపోయింది. షర్ట్ ఉతికి ఆరేశాను, రంగు పోలేదు. నా దీవిలో ఎలక్షన్ వచ్చిపడింది, సపోర్ట్ 43 పర్సెంట్ చూపిస్తోంది, గేమ్‌లో నా సలహాదారు పెనుల్టిమో పక్కన నిలబడి ఏం చేద్దాం ప్రెసిడెంటే అని అడుగుతున్నాడు, నిజాయితీగా పెట్టాలా, రిగ్గింగ్ చేయాలా, అసలు ఎలక్షనే లేదనాలా, మూడు బటన్లున్నాయి. అరటి తోటల పక్కన గుడిసెలు కొన్ని పెరిగాయి, వాటికి ఇళ్లు కట్టిద్దామనే అనుకున్నా, స్విస్ అకౌంట్ చూశాక మనసు మారింది. పాజ్‌లో పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నా, వెళ్లాలి.

జవాబు రాసేటట్టయితే ఏ పేరుతో రాస్తావో ముందే చెప్పు.

ఇట్లు,
నీ ఎల్ ప్రెసిడెంటే
(ప్రస్తుతానికి)