రూటు గడిలో తప్పు లేదు, దారే తప్పు

రావులపాలెంలో మా అక్కావాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని మా మేనల్లుడు ఒక ఫారం నింపుతున్నాడు. విమానాలు, హెలికాప్టర్లు అద్దెకి తిప్పే చిన్న చార్టర్ ఆఫీసు ఒకదానిలో డిస్పాచ్ పని, అంటే వాటి ప్లాన్లు రాసి పంపే పని నేర్చుకుంటున్నాడు వాడు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో లేచి సముద్రంలో ఒక చమురు రిగ్ మీద దిగే హెలికాప్టర్‌కి ఫ్లైట్ ప్లాన్, అంటే ఏ దారిన వెళ్తుందో ముందే చెప్పే కాగితం, రాసుకురమ్మని ఇంటి పని ఇచ్చారట. రిగ్ ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం వాట్సాప్‌లో వచ్చాయి: 16.45, 82.30. వాడు దాన్ని 1645ఎన్08230ఈ అని రాశాడు. అక్షాంశానికి నాలుగంకెలు, ఉత్తరానికి ఎన్, రేఖాంశానికి అయిదంకెలు, తూర్పుకి ఈ: లెక్కకి పదకొండు స్థానాలు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"సరిపోయిందా మావయ్యా?" అన్నాడు.

నాకు విమానాల పిచ్చి తప్ప లైసెన్సు లేదు. అయినా ఆ అంకెలు చూడగానే ఎక్కడో గుచ్చుకుంది. ఫోన్‌లో మ్యాప్ మీద వేలు పెడితే వచ్చేవి దశాంశాలు. ఫ్లైట్ ప్లాన్‌లో రాయాల్సినవి డిగ్రీలు, నిమిషాలు; డిగ్రీకి 60 నిమిషాలు. 16.45 అంటే 16 డిగ్రీల 45 నిమిషాలు కాదు, 16 డిగ్రీల 27 నిమిషాలు. 82.30 అంటే 82 డిగ్రీల 18 నిమిషాలు. రాయాల్సింది 1627ఎన్08218ఈ. ఈ రెంటికీ మధ్య దాదాపు 40 కిలోమీటర్ల దూరం ఉంది. 120 నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు 220 కిలోమీటర్లు పోయే హెలికాప్టర్‌కి అది పదకొండు నిమిషాల ప్రయాణం. పైగా రెండూ సముద్రమే. కిటికీలోంచి చూస్తే అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే.

దీనిలో అసలు చిక్కు వేరే ఉంది. వాట్సాప్‌లో 16.73 అని వచ్చి, వాడు 1673 అని రాసి ఉంటే కంప్యూటర్ వెంటనే వెనక్కి కొట్టేది, 73 నిమిషాలు అనేవి ఉండవు కాబట్టి. చుక్క తర్వాత 60 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే తప్పు దొరికిపోతుంది. 59 లోపు ఉంటే మాత్రం మారు మాట లేకుండా తీసుకుంటుంది. అంటే తప్పు పట్టుబడటం మన జాగ్రత్త మీద కాదు, ఆ రిగ్ అదృష్టం మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇంకోటి చూడండి. యానాం 1644ఎన్08213ఈ. టైపు చేసేటప్పుడు రెండు అంకెలు తారుమారై 08123 అని పడిందనుకుందాం. ఫార్మాట్‌కి ఏ లోటూ లేదు. కానీ మనం చెప్పిన చోటు 90 కిలోమీటర్లు పడమరకి జరిగి, గణపవరం దాటి కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పడింది. అదే సున్నా ఒకటి మరిచిపోయి 8213 అని రాస్తే పది స్థానాలే అవుతాయి, ఫారం తిరిగొస్తుంది. చిన్న తప్పుకి గట్టి కాపలా, పెద్ద తప్పుకి తలుపు బార్లా.

ఫ్లైట్ ప్లాన్ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రపంచమంతా వాడేది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నమూనానే. దానిలో 15వ గడిలో వేగం, ఎత్తు, ఆ తర్వాత దారి రాస్తారు. వేగం నాట్లలో అయితే ముందు ఎన్ అక్షరం: ఎన్0450 అంటే 450 నాట్లు. ఎఫ్330 అంటే ఫ్లైట్ లెవెల్ 330, సుమారుగా 33 వేల అడుగులు. ఇక దారి అంటే ఎయిర్ రూట్ల పేర్లు, వాటి మీది బిందువుల పేర్లు ఒకదాని పక్కన ఒకటి. ఏ బిందువు దగ్గర ఏ రూటు ఎక్కుతాం, ఎక్కడ దిగి ఇంకో రూటు పట్టుకుంటాం అన్నది ఆ వరసే చెప్పాలి. రెండు బిందువుల మధ్య రూటు లేకపోతే డీసీటీ అని రాస్తారు, అంటే నేరుగా అని. దిగే చోటుకి నాలుగక్షరాల కోడ్ ఉంటే అది వేస్తారు, రాజమండ్రికి వీఓఆర్‌వై లాగ. రిగ్‌కి కోడ్ లేకపోతే నాలుగు జడ్‌లు వేసి, 18వ గడిలో పేరూ చోటూ విడిగా చెప్పాలి. సమయాలన్నీ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే గడియారం. మన పొద్దున్న అయిదున్నర ఆ గడియారంలో అర్ధరాత్రి. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేచే విమానానికి తేదీ నిన్నటిది పడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడ తప్పకుండా ఒకసారి దొర్లుతారు.

డీసీటీ మీద కుర్రాళ్లకి మోజు ఎక్కువ. రూటు పేర్లు వెతుక్కునే బాధ ఉండదు కదా. సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠకి అవతల నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. మ్యాప్ మీద గీత గీస్తే చిటికెలో పని. కానీ పంటు ఆగిపోయిన రోజున దిండి దాకా పోయి, చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు మీదుగా తిరిగి రావాల్సిందే. ఆకాశంలో కూడా గీత గీసినంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. మధ్యలో మిలిటరీ జోన్ ఉండొచ్చు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున బంగాళాఖాతంలో కొంత భాగం మూసేస్తారు. అందుకే బస్సు బోర్డు మీద 'వయా' ఉన్నట్టు ప్లాన్‌లోనూ వయా ఉండాలి. రాజమండ్రి–అమలాపురం అని ఊరుకుంటే రావులపాలెం మీదుగానో, యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో ఎక్కేవాడికి ఎలా తెలుస్తుంది?

ఊళ్ల పేర్లంటే గుర్తొచ్చింది. రావులపాలెం బస్టాండులో కొత్తపేట అంటే కండక్టర్ ఇంకో ప్రశ్న వేయడు, పది కిలోమీటర్ల అవతల ఉన్న మా కొత్తపేటే. అదే మాట బెజవాడలో ఎక్కి అంటే "ఏ కొత్తపేటండీ?" అంటాడు, అక్కడా ఒకటుంది కాబట్టి. మనిషికి సందర్భం తెలుసు. కంప్యూటర్‌కి తెలియకపోతే ఏమవుతుందో 2023 ఆగస్టు 28న బ్రిటన్ చూసింది. ఆ రోజు లాస్ ఏంజెలిస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం ప్లాన్‌లో డీవీఎల్ అనే బిందువు రెండు చోట్ల వచ్చింది. ఒకటి అమెరికాలో ఉత్తర డకోటాలోని డెవిల్స్ లేక్, రెండోది ఫ్రాన్స్‌లోని డోవిల్. మధ్య దూరం సుమారు 4,000 నాటికల్ మైళ్లు. విమానం బ్రిటన్ గగనతలం నుంచి ఎక్కడ బయటికి పోతుందో వెతుకుతూ అక్కడి కంప్యూటర్ డకోటాలోని డీవీఎల్‌ని పట్టుకుంది. ప్రవేశానికి ముందే నిష్క్రమణ ఉందని తేలేసరికి ఏం చేయాలో తోచక ఆగిపోయింది. దానికి బ్యాకప్‌గా ఉన్న రెండో కంప్యూటర్‌లోనూ అదే ప్రోగ్రామ్, కాబట్టి అదీ ఆగిపోయింది. అంతా కొన్ని సెకన్లలో. ఆ తర్వాత ప్లాన్లను చేత్తో ఎక్కించారు. రద్దులతో, ఆలస్యాలతో ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. అదే వ్యవస్థ అంతకుముందు కోటిన్నర ప్లాన్లను ఏ ఇబ్బందీ లేకుండా నడిపింది.

గమనించాల్సిందేమిటంటే ఆ ప్లాన్ తప్పు కాదు. నిబంధనల ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. "ఇవన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది కదండీ" అనేవాళ్లకి నేను చూపించేది దీన్నే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకా పాత సంగతి. 1979 నవంబర్ 28న ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఒకటి అంటార్కిటికా అందాలు చూపించడానికి 257 మందితో బయల్దేరి ఎరెబస్ కొండని గుద్దుకుంది. ఒక్కరూ మిగల్లేదు. కథ అంతకు ఏడాది ముందు మొదలైంది. కంపెనీ కంప్యూటర్‌లో రూటు ఎక్కించేటప్పుడు చివరి బిందువు రేఖాంశం 166 డిగ్రీల 48 నిమిషాలు కావాల్సింది 164 డిగ్రీల 48 నిమిషాలని పడింది. ఒక్క అంకె. ఆ తప్పు వల్ల దారి కొండ మీదుగా కాకుండా పక్కనున్న చదునైన మంచు సముద్రం మీదుగా పోయేది. పైలట్లకి బ్రీఫింగ్‌లో చూపించింది కూడా ఆ దారే. చివరికి ఎవరో తేడా గమనించి, విమానం బయల్దేరే రోజు తెల్లవారుజామున సరిదిద్దారు. పైలట్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అంటే, తప్పుడు అంకె ఉన్నన్నాళ్లూ అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. సరైన అంకె పడిన రోజున పోయారు. ఇది తలుచుకున్నప్పుడల్లా 'సరిగ్గా ఎక్కించడం' అనే మాటకి మనం చెప్పుకునే అర్థం చాలదనిపిస్తుంది. కాగితం మీది దారి, పైలట్ మనసులోని దారి, కంట్రోలర్ తెర మీది దారి, ఈ మూడూ ఒకటే అయితేనే ప్లాన్ సరైనది. ఫార్మాట్ చూసే ప్రోగ్రామ్ వీటిలో మొదటిదాన్ని మాత్రమే చూస్తుంది, అదీ పైపైన.

మన దగ్గర దీనికి నాలుగో మనిషి కూడా ఉన్నాడు. ప్లాన్ వేశాక ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి, అంటే వాయుసేన కూడా ఆ గీతనే చూస్తుంది. ఇక జరగకూడనిది జరిగితే వెతికేవాళ్లకి ఆధారం చివరిసారి కనిపించిన చోటు, ఆ తర్వాత ప్లాన్‌లో రాసిన దారి. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయాక మర్నాడు పొద్దున్న దాకా ఆచూకీ దొరకలేదు. ఆ రాత్రి టీవీల ముందు మనమంతా ఎలా గడిపామో గుర్తుంది. ఆ ప్రమాదానికి కారణాలు వేరు, వాతావరణం ప్రధానం. కానీ వెతుకులాట అనేది ఎంత విశాలమైన పనో ఆ రోజు తెలిసొచ్చింది. సముద్రం మీద 40 కిలోమీటర్లు పక్కకి జరిగిన బిందువుతో వెతకడం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మధురపూడి నుంచి 2024 డిసెంబర్‌లో ముంబై, ఢిల్లీలకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. వాటి రూట్ల గురించి నాకు బెంగ లేదు. పెద్ద కంపెనీలకి డిస్పాచర్లు, డేటాబేసులు, రోజూ అదే దారిలో తిరిగే అలవాటు ఉన్నాయి. నా టెన్షన్ అంతా చార్టర్లు, హెలికాప్టర్లు, శిక్షణ విమానాల గురించి. అక్కడ ప్లాన్ రాసేది ఒక్కడు, చూసేవాడూ వాడే. నిరుడు వేసిన ప్లాన్ తీసి తేదీ మార్చి పంపేయడం అక్కడ మామూలు సంగతి. ఏరోనాటికల్ సమాచారం 28 రోజులకోసారి మారుతుందని, పోయిన చక్రంలో ఉన్న బిందువు ఈ చక్రంలో ఉండకపోవచ్చని పరీక్షలో అందరూ రాస్తారు. ఆఫీసుకొచ్చాక కాపీ పేస్ట్ చేస్తారు. కాపీని నేను పూర్తిగా తప్పుపట్టను, చేతితో కొత్తగా టైపు చేస్తే ఇంకో రకం తప్పులొస్తాయి. కానీ కాపీ చేసిన లైనుని ఎవరూ చదవరు, అదే బాధ.

అందుకే రెండే అడుగుతాను. ప్లాన్ ఎక్కించే తెర మీద గడి పక్కనే మ్యాప్ ఉండాలి, రాసిన దారి రాసినట్టే గీతగా కనపడాలి. గణపవరం చెరువుల మీదికి పోయే గీతని ఈ గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడైనా ఒక్క క్షణంలో పట్టుకుంటాడు, అంకెల్లో అయితే ఎన్నిసార్లు చూసినా పట్టుకోలేడు. రెండోది, పంపేముందు ఆ లైనుని రెండో మనిషికి పైకి చదివి వినిపించాలి. బిందువుల పేర్లతో, మధ్య దూరాలతో. మన ఇళ్లల్లో పెళ్లి శుభలేఖని అచ్చుకిచ్చే ముందు ఎంతమంది చదువుతారు!

అరుగు మీద మా వాడు నేను చెప్పినట్టు కొట్టేసి 1627ఎన్08218ఈ అని రాశాడు. నేను గొప్పగా కాఫీ అందుకున్నాను. వాడు పెన్ను పక్కన పెట్టి, "అది దశాంశమేనని నీకెలా తెలుసు మావయ్యా? నిమిషాలకే చుక్క పెట్టి పంపారేమో" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేనూ అడగలేదు, అనుకున్నానంతే.

వాట్సాప్ పంపినాయనకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. "సార్, ఈ 16.45 డెసిమలాండీ, డిగ్రీలూ నిమిషాలాండీ?" అవతల కాసేపు చప్పుడు లేదు. కాగితాలు తిరగేస్తున్నట్టు వినిపించింది.

"నాకూ ఎవరో పంపారు బాబూ," అన్నాడాయన. "కనుక్కుని చెప్తాను."