సవరణ: అద్దె సాయం అంటే ఇళ్లు కట్టడం మానేయమని కాదు

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి నగరం ముందు చేయాల్సింది అద్దె సాయం చేసి, వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు పోకుండా చూడటమేనని మొన్న రాశాను. కొంతమంది దాన్ని కొత్త ఇళ్లు అక్కర్లేదన్నట్టు చదివారు, అందుకే ఈ నాలుగు ముక్కలు.

కట్టాల్సిందే. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో సబ్సిడీ ఇళ్లలోనో ఉంటున్నారంటే అది 1920ల నుంచి కడుతూ వస్తే అయింది. కానీ ఈ నెల అద్దె కట్టలేని మనిషి అన్నాళ్లు ఆగలేడు కదా. జీతం పది రోజులు లేటైతే చాలు, అద్దె బాకీ, ఆపైన నోటీసు, ఆపైన కోర్టు, అక్కడ ఓనరుకి లాయరు ఉంటాడు, అద్దెకున్నవాళ్లకి చాలాసార్లు ఉండడు. ఖాళీ చేయించే కేసుల్లో పేదవాళ్లకి ఉచితంగా లాయర్ని ఇచ్చేలా న్యూయార్క్ నగరం 2017లో చట్టం చేసింది ఇందుకే.

అద్దె కూపన్ల మాట కూడా చెప్పాలి, అంటే అద్దెలో కొంత ప్రభుత్వం కడుతుందని పేదవాళ్లకి ఇచ్చే కాగితం. ఖాళీ ఇల్లు దొరక్కపోయినా, ఓనరు తీసుకోనన్నా ఆ కూపన్ ఉత్త కాగితమే. ఇళ్లు చాలని చోట డబ్బు మాత్రమే పంచితే అద్దెలే పెరగొచ్చు.

అడ్వాన్సు సంగతి అప్పుడు రాయలేదు. నెలనెలా అద్దె కట్టగలిగినవాళ్లు కూడా ఆగిపోయేది అక్కడే, దానికి నగరం హామీ ఉంటే చాలు, ప్రతిసారీ డబ్బే ఇవ్వక్కర్లేదు.