వాయిదా తేదీ ఎవరు రాయాలి?

విశాఖలో ఓ మోస్తరు లాయరు ఆఫీసు పని ఇవాళ ఒక్కచోట సాగదు. సూర్యాబాగ్‌లోని జిల్లా కోర్టులో ఒకరుంటే గాజువాకలో మరొకరు, భీమిలిలో ఇంకొకరు ఉంటారు. పొద్దున్నే అనకాపల్లికో చోడవరానికో బస్సెక్కినవారు వేరే. హైకోర్టు 2019 నుంచి అమరావతిలో నడుస్తోంది కాబట్టి సీనియరు ఆ పని మీద వెళ్తే ఒకటి రెండు రోజులు ఊళ్లోనే ఉండరు. ఒకప్పుడు ఆఫీసంతటికీ ఆధారం సీనియరు బల్ల మీది కోర్టు డైరీ. సాయంత్రం అందరూ చేరి అందులో వాయిదాలు ఎక్కించేవారు. ఇప్పుడు ఆ చోటులోకి గూగుల్ షీటో, ఎక్సెల్ ఫైలో వచ్చింది. రావాల్సిందే. కానీ డైరీ మారినంత సులువుగా ఆఫీసు అలవాటు మారలేదు. తేదీ ఎవరికి ముందు తెలుస్తుందో వారి చేతికి ఇంకా షీటు ఇవ్వడం లేదు. చిక్కులన్నిటికీ మూలం అదేనని నా అభిప్రాయం.

వాయిదా ముందు తెలిసేది గుమాస్తాకి, లేదంటే కోర్టు హాల్లో నిలబడ్డ జూనియరుకి. కేసు పిలిచాక బెంచి క్లర్కును అడిగి తేదీ చీటీ మీద రాసుకుంటారు. అది వాట్సాప్‌లో ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ఎవరో తీరిక చూసుకుని షీటులో ఎక్కిస్తారు. 13 కాస్తా 18 కావడానికి ఈ ప్రయాణం చాలు. చాలా ఆఫీసుల్లో గుమాస్తాకు షీటు చూసే వీలే తప్ప రాసే వీలుండదు. ఆయన పొరపాటున ఏదైనా చెరిపేస్తారేమోనని భయం. ఏళ్ల తరబడి కోర్టు వరండాల్లో కట్టలు మోసి, ఏ కేసు ఏ దశలో ఉందో కాగితం చూడకుండా చెప్పే మనిషిని ఇలా పక్కన పెట్టడం అన్యాయం. పనికీ నష్టమే.

ఆ భయానికి విరుగుడు షీటులోనే ఉంది. వాయిదా, దశ అనే రెండు కాలమ్‌లు గుమాస్తాకు తెరిచి ఉంచి, కేసు నంబరు, కక్షిదారు పేరు లాంటివి ఆయనకు మారకుండా తాళం వేయవచ్చు. ఫోన్లోంచి కోర్టులోనే తేదీ రాసేస్తారు. సాయంత్రం ఒక జూనియరు కూర్చుని, ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో, కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో సరిచూడాలి. తేడా కనిపిస్తే చెరిపేయకుండా ఆ గడి మీద కామెంటు పెట్టి గుమాస్తాను అడగాలి. సీనియరు రాసింది తప్పని తెలిసినా దిద్దడానికి జంకే జూనియర్లు ఎంతోమంది. కామెంటు వారికి కూడా గౌరవంగా నోరు విప్పే దారి.

వాయిదాలు తప్పడానికి మరో పెద్ద కారణం సార్టింగ్. షీటంతా ఎంచుకోకుండా ఒక్క వాయిదా కాలమ్‌నే ఎంచుకుని తేదీల వరుసలో పేరిస్తే ఏమవుతుంది? తేదీలు మాత్రం కదులుతాయి, పేర్లు కదలవు. గాజువాక చెక్కు కేసు తేదీ భీమిలి భూమి దావా పక్కకు చేరుతుంది. చూడటానికి షీటు చక్కగానే ఉంటుంది. ప్రతి గడిలోనూ తేదీ ఉంటుంది, అదీ నిజమైన తేదీయే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. తెలిశాక, షీటు పాత రూపాలు దాచి ఉంచే వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాత రూపు తెచ్చుకోవచ్చు, కానీ మధ్యలో మిగతావారు రాసినవి మళ్లీ ఎక్కించాలి. రేపటి కేసులు చూసుకోవాలంటే ఎవరికి వారు సొంత ఫిల్టర్ వ్యూ పెట్టుకోవాలి. అప్పుడు ఒకరు వడగట్టుకున్నది మరొకరి తెర మీద ఏమీ మార్చదు. కోర్టు పేరును ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిషులో, మరొకరు పొడి అక్షరాల్లో రాస్తే ఫిల్టర్‌కు సగం కేసులు దొరకవు. కాబట్టి ఆ గడిలో, ఇచ్చిన పేర్లలోంచే ఎంచుకునే డ్రాప్‌డౌన్ తప్పనిసరి.

తేదీ రూపం సంగతి అంతకంటే సున్నితం. షీటు సెట్టింగుల్లో దేశం అమెరికా అని ఉంటే 03/04 అంటే మార్చి 4. మనకేమో ఏప్రిల్ 3. అదే షీటులో 13/04 అని కొడితే పదమూడో నెల లేదు కనుక దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. మామూలుగా తేదీలు గడిలో కుడివైపు ఒదుగుతాయి, అక్షరాలు ఎడమవైపు. ఎడమకు జరిగిన తేదీ కనిపిస్తే అక్కడే ఆగి చూడాలి.

గడువులు లెక్కగట్టే ఫార్ములాల మీద మాత్రం సీనియరు కన్ను ఉండి తీరాలి. చెక్కు బౌన్సు కేసునే తీసుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెల్లించడానికి అవతలివారికి 15 రోజులు. ఆ తర్వాత ఫిర్యాదుకు ఒక నెల. చట్టం నెల అన్నచోట క్యాలెండరు నెలే, 30 రోజులు కాదు. నోటీసు జనవరి 16న అందిందనుకుందాం. 15 రోజులు జనవరి 31తో ముగిసి, ఫిబ్రవరి 1న ఫిర్యాదు హక్కు పుడుతుంది. ఆఖరు తేదీ మార్చి 1. లీపు సంవత్సరం కాకపోతే 30 కలిపే ఫార్ములా మార్చి 3 చూపిస్తుంది. ఆ రెండు రోజుల ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగవచ్చు, తగిన కారణం చూపాలి. వాణిజ్య దావాలో ఆ వెసులుబాటూ లేదు. సమన్లు అందిన 120 రోజులు దాటితే ప్రతివాది రాతపూర్వక జవాబును, అంటే రిటన్ స్టేట్‌మెంట్‌ను, కోర్టు రికార్డులోకి తీసుకోదు.

ఇంటర్నెట్‌నే నమ్ముకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక కరెంటూ ఫోన్లూ లేక రోజులు గడిపిన ఊరు మనది. వచ్చే వారం వాయిదాల పేజీ ఒకటి శనివారం ప్రింటు తీసి పెట్టుకోవడం పెద్ద పనేం కాదు.

ఇక షీటు ఎవరిది? చాలాచోట్ల అది ఏ జూనియరో సొంత జీమెయిల్‌లో మొదలుపెట్టింది. ఆ జూనియరు వేరే ఆఫీసుకు మారితే కక్షిదారుల వివరాలన్నీ వెంటే వెళ్తాయి. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అన్న సెట్టింగు ఇంకా ప్రమాదం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను కక్షిదారు చెప్పినవి బయటపెట్టకూడదన్న నియమాన్ని లాయరుతో పాటు ఆయన గుమాస్తాకూ, ఉద్యోగులకూ వర్తింపజేసింది. గుమాస్తాను చట్టమే ఆ బాధ్యతలో నిలబెట్టినప్పుడు షీటు ఇవ్వడానికి సీనియరుకు సంకోచమెందుకు? షీటు ఆఫీసు ఖాతా పేరున ఉండాలి, అనుమతులు పేరు పేరునా ఇవ్వాలి, ఆఫీసు వదిలిన మనిషి పేరు అదే రోజు తీసేయాలి.