చెరిపేసిన అంకెలు

రోగి రక్తాన్ని యంత్రంలో పెట్టేముందు, ఫలితం ముందే తెలిసిన నమూనాతో దాన్ని ఒకసారి సరిచూసుకోవడం ఏ ల్యాబ్‌లోనైనా రివాజు. అమెరికాలో రక్తపరీక్షలు చేసిన కంపెనీ థెరానోస్ ల్యాబ్‌లో ఆ పరీక్ష తరచూ తప్పేది. తప్పినప్పుడు, పొంతన కుదరని రీడింగులను తీసేసి మిగిలినవాటితో సరిపెట్టేవారని అక్కడ పనిచేసిన ఎరికా చ్యూంగ్ తర్వాత కోర్టులో చెప్పారు. అప్పుడే డిగ్రీ ముగించుకుని చేరిన అమ్మాయికి తప్పని తోచింది, అంతమంది సీనియర్లకు తోచలేదా?

అమెరికాలోనే అట్లాంటా నగర ప్రభుత్వ బడుల్లో పిల్లలు రాసిన 2009 పరీక్షల జవాబు పత్రాలూ ఇదే కథ చెప్పాయి. తప్పు జవాబును రబ్బరుతో చెరిపి, సరైన గడి నింపిన గుర్తులు లెక్కకు మించి కనిపించాయి. 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు, ఇతర సిబ్బంది ఇందులో ఉన్నారని 2011లో విచారణ తేల్చింది.

వీళ్లంతా చెడ్డవాళ్లని మేం అనుకోవడం లేదు. టార్గెట్ అందుకోకపోతే ఏమవుతుందోనన్న టెన్షన్, పైవాళ్లకు చెడు కబురు చెప్పలేని భయం మంచివాళ్ల చేత కూడా రబ్బరు పట్టిస్తాయి. భయపెట్టి, కక్షగట్టి పని చేయించుకునే పద్ధతే అట్లాంటా బడుల్లో వేళ్లూనుకుందని ఆ విచారణ నివేదికే చెప్పింది.

థెరానోస్‌లో టైలర్ షుల్ట్జ్ అనే ఉద్యోగి తన సందేహాలను 2014లో నేరుగా అధినేత్రి ఎలిజబెత్ హోమ్స్‌కే రాశారు. ఆమె తర్వాతి స్థానంలో ఉన్నాయన నుంచి వచ్చిన జవాబులో ఉన్నది చీవాట్లే. టైలర్ తాతగారు స్వయంగా ఆ కంపెనీ బోర్డు సభ్యులు. ఆయన మనవడి మాటకే దిక్కు లేకపోతే, అండ లేని ఉద్యోగి నోరెలా విప్పుతాడు?

నీతి నియమావళి అచ్చేసి గోడకు తగిలిస్తే సరిపోదు. మీటింగులో ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో మినిట్స్‌లో రాయాలి. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాళ్ల చేతికే వెళ్లకూడదు. జీతం, ప్రమోషన్, పరువు అన్నీ ఒకే అంకెకు ముడిపెట్టడం మాత్రం వెంటనే ఆపాలి. మిగతా ఎన్ని చేసినా, ఆ ముడి విప్పకపోతే రబ్బరు మళ్లీ చేతికొస్తుంది.

ఎలిజబెత్ హోమ్స్‌ను 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది ఇన్వెస్టర్లను మోసగించినందుకు. రోగులకు సంబంధించిన అభియోగాలు నిలవలేదు. అట్లాంటాలో చదవడం సరిగా రాని పిల్లలకు కూడా మంచి మార్కులు వచ్చాయి. మార్కులున్నాయి కాబట్టి అదనపు తరగతులు అక్కర్లేదనుకున్నారు. పిల్లలు అలాగే పై తరగతికి వెళ్లిపోయారు.