శ్రీ 'రేర్' చీటీ గారి దివ్య సముఖమునకు

అల్లిపురం, విశాఖపట్నం

అయ్యా,

ఇక్కడ క్షేమం. తమరి క్షేమం రోజూ మూడు పూటలా నా కళ్ళబడుతూనే ఉంది కనక అడగడం లేదు. తమరి వల్ల నాకు రెండు వేల ఐదొందల రూపాయలు, ఒక పాట తాలూకు మొదలు, ఇంట్లో ఉన్న కాస్త పరువు పోయాయి. ఆ లెక్క తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

తమరు రెండంగుళాల పసుప్పచ్చ చీటీ. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'రేర్' అని రాత. రాసినాయనకి ఓపిక తగ్గినచోట దీర్ఘం ఎగిరిపోయి తమరు 'రెర్' అయ్యారు. మనకి పరిచయం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో, పాత సామాన్ల కొట్లో. బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, ఆగిపోయిన గోడగడియారాలు, పిడి ఊడిన తిరగలి, వాటి వెనక ఆపిల్ పళ్ళ అట్టపెట్టెలో అరవై డెబ్భై రికార్డులు. ఏది పైకి లాగినా పాట పేరు కంటే ముందు తమరి దర్శనమే. హరికథ మీద తమరే, నాటకం పద్యాల మీద తమరే, హిందీ డిస్కో మీద తమరే. ఆఖరికి ఘంటసాల భగవద్గీత మీద కూడా!

అయ్యా, దేనికైనా ఒక హద్దుండాలి. ఆయన పోయిన 1974లోనే వచ్చిన రికార్డు అది. అప్పట్నుంచి మా వీధిలో ఎవరు కాలం చేసినా బంధువుల కంటే ముందు ఆ గొంతే వస్తోంది. పొద్దున్నే మైకులో అది వినబడిందంటే మా అమ్మ పాలగిన్నె దించేసి, "ఎవరో ఎల్లిపోయినట్టున్నారు, ఓసారి చూసి రారా" అంటుంది. ఊరి చావులన్నిటికీ హాజరయ్యేదాన్ని అరుదు అంటారా? అదే అడిగాను కొట్టాయన్ని. ఆయన తడుముకోలేదు. "మొన్నటిదాకా రెండుండేవి సార్. ఒకటి అమ్మేశాను. ఇప్పుడిదొక్కటే" అన్నాడు.

ఆ లెక్కన తమరికి పురుడు పోసింది మా ఇంట్లోనే. ఒప్పుకుంటున్నాను.

మా తాత పోర్టులో గుమాస్తా. ఆయనకి కీ ఇచ్చే గ్రామఫోన్ పెట్టె ఒకటి, యాభై పైచిలుకు కుక్కబొమ్మ ప్లేట్లు, అంటే పాత హెచ్.ఎం.వి. రికార్డులు ఉండేవి. అవి 78 స్పీడువి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ప్రతి పక్కకీ కొత్త ముల్లు వెయ్యాలని నియమం. ఎందుకంటే ఆ ప్లేటు లక్కలో రాతిపొడి కలిపి వత్తింది. మొదట అరిగేది ముల్లే. అరిగిన ముల్లు మళ్ళీ వేస్తే ఈసారి ప్లేటు అరుగుతుంది. మా తాత పొదుపరి. ముల్లుని గడపరాయి మీద నూరి పదేసి పాటలు లాగించేవాడట. పక్కింటివాళ్ళు 'అరిగిపోయిన రికార్డు' అన్నది ఏ ప్లేటునో, ఆయన్నో ఇంట్లో ఇప్పటికీ తేల్లేదు.

తాత తర్వాత ప్లేట్లు వంటింట్లోకి వచ్చాయి. పది అంగుళాల ప్లేటు ఆవకాయ జాడీ మీద మూతగా కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. వాసెన గుడ్డ కట్టి, దాని మీద ప్లేటు పెట్టి, పైన రోకలిబండ ముక్క పెట్టేవారు. ఎవరో భాగవతార్ గారు మా ఇంట్లో రెండు వేసవులు అలా నువ్వులనూనె పీలుస్తూ గడిపారు. క్యాసెట్లు వచ్చాక మిగతావి పాత సామాన్లవాడికి వేశాం. వాడు ఒక ప్లేటు వేలితో కొట్టి, వాసన చూసి, "ఇది ఇనుమా కాదు, పిలాస్టిక్కా కాదు, ఏటి సేసుకోను తల్లీ" అని బతిమాలించుకుని, మొత్తానికి ఒక మగ్గు ఇచ్చాడు. నీలం రంగు మగ్గు. చాలాకాలం మన్నింది. అటక మీద మర్చిపోయిన ఐదారింటి సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసుకుంది. రేకు లేచిపోయి వాన నేరుగా అటక మీదే పడింది. కవర్లన్నీ అంటుకుపోయి దిబ్బరొట్టెలా ఒకే ముద్ద అయ్యాయి.

యాభై ప్లేట్లని సున్నా చేయడానికి మా ఒక్క కొంపకి రెండు తరాలు చాలు. ఈ ఉప్పుగాలి ఊళ్ళో అలాంటి కొంపలు ఎన్నున్నాయో తమరికి తెలుసు. తమరు అంత ధీమాగా ఉండడానికి అదేగా కారణం!

డిస్కో కథ మరీ విడ్డూరం. బొంబాయి సినిమా పాటల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన 1982లో రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాయిద్య యంత్రాలు మూడు ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి ఎల్పీ (పెద్ద రికార్డు) చేశాడు. భైరవ్, యమన్, మాల్కౌంస్ (మన హిందోళమే) అన్నీ ఉన్నాయి. ఎవరూ కొనలేదు. శాస్త్రీయం వాళ్ళు ఇది డిస్కో అన్నారు, డిస్కో వాళ్ళు ఇది సంగీతం క్లాసు అని ఉంటారు. ఐదేళ్ళ తర్వాత షికాగోలో కుర్రాళ్ళు ఆ యంత్రాల్లో ఒకదాన్ని పట్టుకుని 'యాసిడ్ హౌస్' అని కొత్త రకం డాన్సు సంగీతం పుట్టించారు. ఆ తర్వాతెప్పుడో హాలెండ్ సేకర్త ఒకాయన మన దేశం వచ్చి ఆ పాత ఎల్పీ కొనుక్కెళ్ళి, 2010లో మళ్ళీ అచ్చేశాడు. అప్పుడు లేచింది గగ్గోలు: షికాగో కంటే ముందే మనవాడు చేశాడు! ఆ మనవాడు ఇరవై ఎనిమిదేళ్ళుగా బొంబాయిలోనే ఉన్నాడు.

రూపా బిశ్వాస్ గారిదీ ఇదే వరస. కెనడాలోని కాల్గరీలో సరోద్, తబలా, గిటారు కలిపి బెంగాలీలో పాడిన డిస్కో. అదీ 1982లోనే వచ్చి, వచ్చినట్టే వెళ్ళిపోయింది. అదే ఎల్పీకి బయట దేశాల్లో జనం ఎగబడుతున్నారని కొడుకు ఇంటర్నెట్‌లో చూసి చెబితేగానీ ఆవిడకి తెలియలేదు. 2019లో అమెరికా కంపెనీ మళ్ళీ వేసింది. ద్వారకానగర్‌లో మా స్నేహితుడొకడు ఆ కొత్త అచ్చు తెప్పించుకుని, చేతులు కడుక్కుని మరీ ముట్టుకుంటాడు. వీడే ఇంటర్ చదివే రోజుల్లో డిస్కో అంటే తీర్థంలో రికార్డింగ్ డాన్సు అని ముక్కు మూసుకున్నవాడు. (డాన్సు చూడకుండా ఇంటికెళ్ళాడని మాత్రం నేను సాక్ష్యం చెప్పను.)

అంటే తమరి ఉద్యోగం ఇంత: అమ్ముడుపోనప్పుడు కనబడరు, చెత్తలో పడేసినప్పుడు కనబడరు, పరాయివాడు వచ్చి "అబ్బ!" అన్న మర్నాడు జిగురు రాసుకుని దిగుతారు.

సరే, నా గొడవకి వస్తాను. ఆ పెట్టె అడుగున ఒక లక్క ప్లేటు దొరికింది. మధ్యలో లేబుల్ సగం చెదలు తినేసింది. కంపెనీ పేరు లేదు, పాట పేరు లేదు. మిగిలిన ముక్క మీద 'జముకుల' అన్న అక్షరాలు, కింద 'బృందం'. అంతే. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డుకి పాడినప్పుడు పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. ప్లేట్లు వత్తేది జర్మనీలో, అక్కడివాళ్ళకి ఎవరి పాటో తెలియాలి కదా. మన ఉత్తరాంధ్ర జముకు (కథ చెబుతూ మోగించే తీగవాద్యం) వాయించినాయనకి ఆ తెలివి ఎవరూ చెప్పినట్టు లేదు. బృందంలో కలిసిపోయాడు.

కవరు మీద మైక్ సెట్టు వాళ్ళ రబ్బరు ముద్ర, ఏదో సౌండ్ సర్వీస్. ఊరి పేరు చెరిగింది. పక్కన నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: "పెళ్ళికి ఇచ్చినది. తిరిగి ఇవ్వవలెను." ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు మునిమనవలు ఉండి ఉంటారు. ప్లేటు మాత్రం ఇంకా తిరిగి వెళ్ళలేదు. దొంగసొత్తు అని తెలిసి కూడా మూడు వేలన్నదాన్ని రెండున్నరకి దించి కొన్నాను. కొట్టాయన నవ్వుతూ కవరు మీది చీటీ కాక ఇంకోటి తీసి, నేను వద్దనేలోపు ప్లేటు మీదే, పాట మొదలయ్యే చోట, బొటనవేలితో నొక్కి అంటించాడు. రెండోదానికి డబ్బులు తీసుకోలేదు.

ఇంటికొచ్చి తమరిని గోటితో పీకితే తమరు వచ్చారు, జిగురు రాలేదు. కరోనా నాటి శానిటైజరు సీసా ఇంకా కిటికీలో ఉంది. దూది ముంచి తుడిచాను. దూది నల్లబడింది. ఎన్నేళ్ళ మురికో అని సంబరపడి ఇంకాస్త రుద్దాను. ఇంకా నల్లబడింది. మూడో దూదికి గానీ నా బుర్ర వెలగలేదు. లక్క నీళ్ళకి లొంగదు, స్పిరిట్‌కి కరిగిపోతుంది. వడ్రంగి తలుపుకి పాలిష్ పెట్టాలంటే దాన్ని స్పిరిట్‌లోనే కదా నానేసేది! ఏటికొప్పాక బొమ్మలకి నునుపు తెచ్చే ఆ లక్కే ఇదీనూ. నేను తుడుస్తున్నది మురికి కాదు, పాట. పాటలో మొదటి అర నిమిషం మూడు దూది ఉండలై నా అరచేతిలో ఉంది.

మా అమ్మ వచ్చి చూసింది. "ఏట్రా ఇది? మన జాడీ మూతేనా?" అంది. కాదని, రెండు వేల ఐదొందలెట్టి కొన్నానని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మగ్గు ఇచ్చాడేటి?" అంది.

మర్నాడు ద్వారకానగర్ నుంచి స్నేహితుడి ప్లేయరు మోసుకొచ్చాం. ఎల్పీ ముల్లు వీటికి పనికిరాదు, గాడి వెడల్పు. ముల్లు మార్చి పెట్టాం. తమరు కూర్చున్న చోట కాసేపు బర్రుమని ఇసుక చల్లినట్టు శబ్దం. ఆ తర్వాత ఉన్నట్టుండి జముకు: జుంయ్, జుంయ్ అని తీగని లాగి వదిలినట్టు. దాని మీద ఒక మగగొంతు, వెనక వంత. ఎవరో రాజు కూతురు, అన్నదమ్ములు, అత్తారింటికి ప్రయాణం. రాత్రి భోజనాలయ్యాక మొదలెట్టి కోడి కూసేదాకా చెప్పే కథని మూడు నిమిషాల్లో ఇరికించారు. అందులో అర నిమిషం నేను తినేశాను. ఆ పిల్ల ఏటి ఒడ్డుకి వచ్చి, పడవవాణ్ణి పిలిచింది. పిలిచేసరికి ప్లేటు అయిపోయింది. తిప్పి వేస్తే రెండో పక్క ఏదో మంగళహారతి.

"అమ్మా, తర్వాతేమైంది? మీ ఊళ్ళో ఆడేవారు కదా ఈ కథ" అని అడిగాను.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఆడీవోరు. అమ్మోరి పండక్కి ప్రెతీ ఏడూ ఆడీవోరు. ఆ పిల్ల ఏటి కాడికి రాగానే మేం పిల్లలందరం తొంగునీవోళ్ళం. అక్కడ రాగం బాగా సాగదీస్తాడు, నిద్రొచ్చీసీది. లేచీసరికి తెల్లారిపోయీది, ఆల్లు జముకులు సదుర్కునీవోరు" అంది. కాసేపాగి, "మీ పెద్దమ్మకి తెలిసుండును" అంది. పెద్దమ్మ పోయి ఆరేళ్ళయింది.

తమరిని మొదట కొట్లోనే తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ప్లేటు మీంచి పీకినప్పుడు తమరికి ఇంకా చాలా జిగురు మిగిలి ఉంది. దాన్ని పారబోసుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. నా దగ్గర అడిగి తీసుకుని, అర్థం చెప్పించుకుని, కిందటేడు ఆవకాయలో అడుగున మిగిలిన చిన్న జాడీకి అంటించింది. కోడలు, మనవలు, చివరికి పక్కింటావిడ కూడా ఇప్పుడు దాని మీద చెయ్యి వెయ్యడం లేదు. నిన్న రాత్రి పెరుగన్నంలోకి నేను మూత తీయబోతే, "చదువుకున్నోడివి, పైన ఏం రాసుందో చూడరా" అని నా చేతిలో కొత్తావకాయ పెట్టింది.

తమరి విధేయుడు,
ప్లేటు ఉన్నవాడు