కట్ట నిలిచింది, కాపలా ఎవరిది?

2021 నవంబరు మూడో వారంలో తిరుపతి వీధులు వాగులయ్యాయి. ఆ వర్షాలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు నడకదారిని మరమ్మతు చేసి 2022 మే నెలలో తెరిచారు. ఘాట్ రోడ్డు మీద పడిన బండరాళ్లను తొలగించి బస్సులు నడిపారు. భక్తుల దారి తెరుచుకోవడంతో ఊరు తేరుకున్నట్టే లెక్క కట్టేశాం.

నాకు మాత్రం రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువే గుర్తొస్తుంది. కట్ట నుంచి నీరు కారుతోందని తెలియగానే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలతో కట్టను కాపాడారు. ఎగువన ఊళ్లను నీళ్లు చుట్టుముట్టాయి. కట్ట తెగితే దిగువకు ముప్పు, తెగకపోతే ఎగువకు మునక. అంత నలిగిపోయిన చెరువును ఆ తర్వాత ఎవరు కనిపెట్టుకుని ఉండాలి?

రాయలసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు. చెరువు తవ్వించినవారికీ బాగుచేసినవారికీ దశబంధం పేరుతో ఇనాం భూములు, అంటే మాన్యాలు, ఉండేవి. తూము తెరిచి మూసే నీరుగంటి ఉండేవాడు. కుడిమరామత్తు పేరుతో ఊరంతా పలుగు, పార పట్టుకుని కట్ట మీదికి వచ్చేది. అందులో కులపెత్తనం ఉంది, వెట్టి ఉంది. ఆ రోజులే తిరిగి రావాలని కోరను. కానీ చెరువు ప్రభుత్వ శాఖ చేతికి వెళ్లాక ఊరికి హక్కు పోయింది, దాంతోపాటు బాధ్యతా పోయింది. చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే మొరవ కింది వంక పూడిపోతున్నా, దాని మీద ఇళ్లు లేస్తున్నా, అడగవలసింది తామేనని ఎవరికీ అనిపించదు.

పరిహారంలో మరో అన్యాయం ఉంది. కౌలు రైతు పంట నష్టం లెక్కకెక్కాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం దానికి భూయజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోట పెట్టుబడి పెట్టినవాడి పేరు ఏ జాబితాలోనూ కనిపించదు. ఆ కుటుంబం అప్పుతోనే మళ్లీ నారు పోస్తుంది.

మరమ్మతు నిధుల్లో కొంత నేరుగా ఆయకట్టు రైతుల చేతికివ్వాలి, అందులో కౌలుదారుకూ చోటుండాలి. ఏటా ఒకరోజు గ్రామసభ కట్ట మీదే జరగాలి. నీటిపారుదల ఇంజనీరును వెంటబెట్టుకుని మొరవ నుంచి వంక చివరి దాకా ఊరు నడవాలి, ఆక్రమణలను అక్కడికక్కడే రాయించాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆ నడక సెప్టెంబరులోనే పూర్తికావాలి.