ఖాళీ సీసాల సంసారం

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్నది మొలెత్తు పిట్టగోడ మాత్రమే కనుక ఆ ఇంటి పోట్లాటలు మాకు ఉచితంగా అందుతాయి. ఆయన తెలుగు పండితుడిగా, ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైనవారు కావడంతో, ఎంత కోపంలోనైనా ఇద్దరూ పూర్తి వాక్యాల్లోనే మాట్లాడతారు. ఎదుటివారి వాక్యాన్ని మధ్యలో తుంచడానికి మాత్రం ఆయన వెనుకాడరు. నేను ఎవరి పక్షమని అడిగితే దాచవలసిన పని లేదు, ఆవిడ పక్షమే. సంక్రాంతికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ నానబెట్టిన అనపగింజలను పితుకుతూ వరండాలో కూర్చుని ఉండగా, ఆయన భుజాన తువ్వాలుతో, మనవరాలి ఫొటో ఉన్న ఫోను చేతిలో పట్టుకుని బయటికి వచ్చారు.

ఆయన: ఏమే, ఈ ఫొటో చూశావా? మన పాప జర్మనీలో సీసాలు ఏరుకుంటోంది.

ఆవిడ: పొద్దుననే చూశాను. ఆ సీసాలు...

ఆయన: ఆ సీసాల సంగతి నువ్వు నాకు చెప్పనక్కరలేదు, ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పాప చేతిలో పెద్ద సంచి ఉంది, దాని నిండా ఖాళీ సీసాలున్నాయి. ఆ ముసలాయన గోడలో ఉన్న కన్నంలోకి ఒక సీసాను దూరుస్తున్నాడు. ఆ ముసలావిడేమో చేతిలో ఏదో చీటీ పట్టుకుని, రేషన్ షాపులో చక్కెర దొరికినట్టు నవ్వుతోంది.

ఆవిడ: అయితే దీనిలో మీకు అర్థమైనదేమిటో చెప్పండి, వింటాను.

ఆయన: అర్థం కావడానికి ఇంకేముంది? ఫ్రైబుర్గ్‌లో చదువుకునే పరదేశపు పిల్లలను శని, ఆదివారాల్లో ఊళ్ళు తిప్పి చూపించే హోస్ట్ ఫ్యామిలీ అంటే నేను కలిగినవాళ్ళనే అనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళు పగలంతా మన పాపను వెంటేసుకుని ఖాళీ సీసాలు ఏరి, సాయంత్రానికి అమ్ముకుని బతుకుతున్నారు. టిటిసే సరస్సు చూపిస్తామని రైల్లో ముప్పావు గంట దూరం తీసుకుపోయింది ఎందుకనుకున్నావు? యాత్రికులు తిరిగే చోటే కదా సీసాలు ఎక్కువగా దొరికేది!

ఇక్కడ ఆవిడ నోరు తెరిచారు. ఆయన ముఖంలోకి ఒకసారి చూశారు. తరువాత నోరు మూసుకుని గిన్నెను ఒళ్ళో సర్దుకున్నారు. సంగతి మొత్తం తెలిసిన మనిషి దానిని చెప్పకుండా ఉండిపోవాలని నిశ్చయించుకునే ఆ క్షణాన్ని గోడ ఇవతల నుంచి నేను కళ్ళారా చూశాను.

ఆవిడ: ఒక్క ఫొటోతోనే తీర్పు చెప్పేస్తున్నారా, లేక ఇంకా సాక్ష్యాలున్నాయా?

ఆయన: ఒకటేమిటి, ఆ పిల్ల వాళ్ళింటికి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను గమనిస్తూనే ఉన్నాను. వాళ్ళు రాత్రిపూట పొయ్యి వెలిగించరు. బల్లమీద రొట్టె, చీజు, నాలుగు దోసకాయ ముక్కలు పెట్టుకుని, ఆ చల్లటి తిండే తిని పడుకుంటారని పాప తన నోటితోనే చెప్పింది. మంచు కురిసే దేశంలో వేడి మెతుకు లేకుండా పడుకునేది ఎవరే? గ్యాసు అయిపోయినవాళ్ళు.

ఆవిడ: జర్మనీలో చాలా ఇళ్ళలో రాత్రికి రొట్టెతో సరిపెట్టుకోవడం పాత అలవాటండీ. దేశమంతటా గ్యాసు ఒకే రోజున అయిపోయిందని మీ అభిప్రాయమా?

ఆయన: మరి ఆ ముసలాయన కోటు మాటేమిటి? రెండు మోచేతుల దగ్గరా తోలు అతుకులున్నాయి.

ఆవిడ: అటువంటి కోట్లు కొన్నప్పుడే అతుకులతో వస్తాయి, పైగా ఖరీదు కూడా ఎక్కువ.

ఆయన: అతుకులున్న బట్టను ఎక్కువ ఖరీదిచ్చి కొనేవాడు దరిద్రుడు కాకపోతే అవివేకి అయి ఉండాలి. ఎవరైనా సరే, మన పిల్లను అప్పగించదగిన మనిషి కాదు. ఇంతకూ ఆ ఊరే అంత. ఆదివారం అంగళ్ళన్నీ మూసేస్తారట, కొనే నాథుడు లేకనే కదా! పాత వీధుల్లో ఇళ్ళ ముందర కాలువలు పారుతున్నాయి, వాటి మీద బండలు పరిచే స్తోమత కూడా మున్సిపాలిటీకి లేదు.

ఆవిడ: ఆదివారం విశ్రాంతి దినమన్నది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది, అందుకే మూస్తారు. ఆ కాలువల్లో పారేది వందల ఏళ్ళుగా నది నుంచి మళ్ళించుకున్న నీరు, పిల్లలు అందులో పడవలు వదిలి ఆడుకుంటారు. మన వీధి కాలువలో మీరు చెప్పు జారవిడిచిన రోజున దానిని తీయడానికి ఎంతమంది ముందుకు వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆయన: చెప్పు సంగతి ఇప్పుడెందుకు? ఫెల్డ్‌బెర్గ్ కొండ 1,493 మీటర్ల ఎత్తని నేనే పుస్తకంలో చూశాను. అంత కొండ మీద పాపను గంటల తరబడి నడిపించారే తప్ప ఒక ఆటో అయినా పెట్టలేదు.

ఆవిడ: అలిపిరి నుంచి నన్ను 3,550 మెట్లు ఎక్కించినప్పుడు మీరు ఎన్ని ఆటోలు పెట్టారు?

ఆయన: అది మొక్కు.

ఆవిడ: మొక్కుకున్నది మీరు, అరిగినవి నా మోకాళ్ళు.

ఆయన: గాలిగోపురం దగ్గర నీ కోసం నేను అరగంట కూర్చోలేదా?

ఆవిడ: కూర్చున్నారు, మీకూ ఆయాసం వచ్చింది కాబట్టి. అయితే అక్కడి నుంచి నా సంచి కూడా మీరే మోశారు, ఆ మాట నేను కాదనను.

ఈ మాటతో ఆయన కాస్త మెత్తబడినట్టే కనిపించారు కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ట్రీబెర్గ్ జలపాతం 163 మీటర్లని ఆవిడ అన్నందుకు ఆయన తలకోనను ముందుకు తెచ్చారు. 163 మీటర్లంటే 535 అడుగులు, తలకోన 270 అడుగులేనని ఆవిడ అక్కడికక్కడే లెక్క కట్టి చెప్పారు. వాళ్ళది ముక్కలు ముక్కలుగా పడుతుందనీ, మనది ఒక్క దూకున దూకుతుందనీ చెప్పి ఆయన ఆ విషయాన్ని ముగించారు.

ఆయన: అన్నిటికంటే పెద్ద సాక్ష్యం పులిహోర. వాళ్ళ తిండి వాళ్ళకే చాలదు, వాళ్ళింట్లో ఉత్తచేతులతో కూర్చుని తినవద్దని నేను పాపకు మెసేజ్ పెట్టాను. ఆ పిల్ల బుద్ధిమంతురాలు కనుక పోయిన వారం డబ్బా నిండా పులిహోర కలుపుకుని పోయింది. ఏం జరిగిందో తెలుసా? ఆ ఇద్దరూ మూడుసార్లు వడ్డించుకుని, డబ్బా అడుగున ఉన్న వేరుశనగ గింజలను కూడా చెంచాతో ఏరుకుని తిన్నారట. కడుపు కాలినవాళ్ళు కాకపోతే అట్లా తింటారా?

ఆవిడ: పెళ్ళిచూపుల రోజున మా అమ్మ చేసిన పులిహోరను మీరు నాలుగుసార్లు వడ్డించుకున్నారు. ఆ రోజు మిమ్మల్ని చూసి మా నాన్న కూడా ఇదే మాట అన్నాడు.

ఆయన: మీ నాన్న నన్ను కడుపు కాలినవాడన్నాడా?

ఆవిడ: పాపం, అబ్బాయి ఆకలి మీద ఉన్నాడు, ఇంకాస్త పెట్టండి అన్నాడు. జాలితోనే నన్ను కూడా ఇచ్చాడేమోనని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తూ ఉంటుంది.

ఆయన కుర్చీని ముందుకు జరుపుకుని చొక్కా లేని ఛాతీని తువ్వాలుతో తుడుచుకున్నారు. జేబు లేనందున మడిచి పంచెకట్టులో దోపుకున్న ఒక కాగితాన్ని బయటికి తీశారు.

ఆయన: నేను ఉత్త మాటలు చెప్పే మనిషిని కాను. ఆ దంపతులకు ఉత్తరం రాశాను, విను. "మహారాజశ్రీ జర్మను దంపతులకు తిరుపతి వాస్తవ్యులు వ్రాయునది. మీ దారిద్ర్యము మా దృష్టికి వచ్చినది. సీసాలు ఏరుకొను దుఃస్థితిలోను అతిథిని ఆదరించు మీ ఔదార్యము శ్లాఘనీయము."

ఆవిడ: చాలా బాగుంది. రెండో వాక్యం చదివాక వాళ్ళు పాపను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు కాబట్టి మూడో వాక్యం దండగ.

ఆయన: ఉత్తరంతోనే వదిలిపెట్టలేదు. బ్యాంకులో కొంత డబ్బు తీసి పెట్టాను. చిత్తూరులో మా చెల్లెలికి కూడా చెప్పాను, మామిడి తాండ్ర పంపిస్తానన్నది.

ఆవిడ: మీ చెల్లెలికి ఎప్పుడు చెప్పారు?

ఆయన: ఇందాక అన్నం తిన్న తరువాత.

ఆవిడ: అయితే ఈ వార్త ఈపాటికి పలమనేరు దాటి ఉంటుంది.

ఆయన: దాటనీ, తప్పేముంది? వీలైతే ఆ ఇద్దరినీ ఇక్కడికే రప్పిద్దామని కూడా ఆలోచిస్తున్నాను. మన పాపను వాళ్ళు తిప్పినట్టే వాళ్ళను మనం తిప్పుదాం. కపిలతీర్థం, చంద్రగిరి కోట, కాణిపాకం చూపిద్దాం. కొండమీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూర్చోబెడితే వాళ్ళు కడుపునిండా వేడి అన్నం తింటారు, వాళ్ళ మీద పైసా భారం పడదు.

ఆవిడ: అక్కడ పంక్తిలో కోటీశ్వరులు కూడా కూర్చుంటారండీ, దరిద్రులమని సర్టిఫికెట్ ఎవరూ అడగరు. ఇంతకూ మనం పోయిన నెల కొండకు పోయినప్పుడు మీరు మంచినీళ్ళు దేనిలో కొన్నారు?

ఆయన: గాజుసీసాలో కొన్నాను. అక్కడ ప్లాస్టిక్ సీసాలు అమ్మరు కదా.

ఆవిడ: నీళ్ళు తాగేసిన తరువాత ఆ ఖాళీ సీసాను ఏం చేశారు?

ఆయన: అంగడిలో తిరిగి ఇచ్చేశాను. సీసా కోసమని ముందుగా కట్టించుకున్న డబ్బు వాడు నాకు వెనక్కి ఇచ్చాడు. ఇవ్వకపోతే నేను ఊరుకుంటానా?

ఆవిడ: ఊరుకోలేదు. చిల్లర లేదన్నందుకు ఆ పిల్లవాడితో తగాదా పెట్టుకుని, దర్శనానికి పోవలసిన నన్ను ఎండలో నిలబెట్టి మరీ వసూలు చేశారు. మీరు కొండమీద ఏరుకుంటే అది హక్కు, ఆ ముసలాయన ఫ్రైబుర్గ్‌లో ఏరుకుంటే దారిద్ర్యమా?

వరండాలో మాట ఆగింది. ఆవిడ వేళ్ళ మధ్య అనపగింజ తొక్క వదిలి గిన్నెలోకి దూకుతున్న చప్పుడు నాకు గోడ ఇవతలికి కూడా వినిపించింది.

ఆయన: అంటే ఆ గోడలోని కన్నం...

ఆవిడ: అది గోడ కాదు, సూపర్‌మార్కెట్‌లో పెట్టిన యంత్రం. ఆ దేశంలో 2003 నుంచి పారేసే సీసాలకూ డబ్బాలకూ కూడా డిపాజిట్ కట్టించుకుంటున్నారు. అటువంటి సీసాకు 25 సెంట్లు, మళ్ళీ నింపే బీరు సీసాకు 8 సెంట్లు. ఇంట్లో వారాల తరబడి పోగైన ఖాళీలన్నీ సంచిలో వేసుకుని పోయి ఆ కన్నంలో వేస్తే యంత్రం చీటీ ఇస్తుంది, ఆ చీటీ చూపిస్తే కౌంటర్‌లో డబ్బు ఇస్తారు. ఆ ముసలావిడ చేతిలో ఉన్నది ఆ చీటీ. నిన్న ఊరు తిరిగి వస్తూ దారిలో ఆ పని కూడా ముగించుకుని వచ్చారు, అంతే.

ఆయన: సంచిలో బీరు సీసాలు కూడా ఉన్నాయా?

ఆవిడ: ఉన్నాయి, అవి ముసలాయన తాగినవి. మన పాప తాగింది ఆపిల్ రసం. మీ తరువాతి ప్రశ్న అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆయన: అయితే ఆ దేశంలో సీసాలు ఏరుకునే పేదవాళ్ళు అసలే లేరా?

ఆవిడ: ఉన్నారు. అందుకే చాలామంది దారిలో తాగిన సీసాను చెత్తకుండీ లోపల వేయకుండా పక్కనే నిలబెట్టి పోతారట. ఏరుకునేవాళ్ళు కుండీలో చెయ్యి పెట్టే అవసరం లేకుండా అట్లా చేస్తారని పాప చెప్పింది.

ఆయన: అది మంచి పద్ధతి. కానీ ఇదంతా నువ్వు మొదటే చెప్పి ఉండవచ్చు.

ఆవిడ: మొదటే చెప్పబోయాను, నా వాక్యాన్ని రెండో మాట దగ్గరే మీరు తుంచేశారు. ఆ తరువాత మీరు అంత శ్రద్ధగా జాలిపడుతుంటే మధ్యలో ఆపడానికి నాకే మనసు ఒప్పలేదు.

ఆయన కిందికి దిగి ఆవిడ ఎదుట చాప మీద కూర్చుని, పిడికెడు గింజలు తీసుకుని పితకడం మొదలుపెట్టారు. పప్పును తొక్కల్లోనూ, తొక్కలను పప్పులోనూ వేస్తున్నారు. ఆవిడ ఏమీ అనకుండా వాటిని ఏరి మార్చుకుంటున్నారు. లెక్కల టీచరు అంత ఓర్పు చూపించడం నాకు కొత్తగా తోచింది. కారణం కాసేపటికి తెలిసింది.

ఆవిడ: ఇంకొక సంగతి ఉంది. ఆ ముసలావిడ పాపను చాలా మొహమాటపడుతూ ఒక మాట అడిగిందట. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మీ తాతగారు చొక్కా లేకుండానే కనిపిస్తారు, భుజం మీద ఒక చిన్న గుడ్డ మాత్రం ఉంటుంది, ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగిందట.

ఆయన: నాకా? నాకు ఇబ్బందులా? బీరువాలో నా చొక్కాలు ఎన్ని ఉన్నాయో చెప్పలేకపోయిందా పాప?

ఆవిడ: చెప్పిందట, కానీ పరువు కోసం అట్లా చెబుతోందని ఆవిడ అనుకున్నదట. మీ కోసం ఊలుతో స్వెట్టరు అల్లడం మొదలుపెట్టేసింది. ఛాతీ కొలత అడిగి పంపించమని పాప పొద్దుననే రాసింది.

ఆయన: తిరుపతిలో ఊలు స్వెట్టరా? ఏమే, వాళ్ళ కళ్ళకు నేను అంత దీనంగా కనిపిస్తున్నానా? ఇప్పుడే ఫోన్ చేసి నేను పెన్షన్ తీసుకునే మనిషినని చెబుతాను.

ఆవిడ: ఇప్పుడు అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, ఆదివారం, పాప నిద్రలో ఉంటుంది. చెయ్యదలిస్తే చొక్కా తొడుక్కుని సాయంత్రం చేయండి.

ఆయన: మరి నువ్వు ఆ పిల్లకు ఏమని జవాబు రాశావు?

ఆవిడ: మోచేతుల దగ్గర తోలు అతుకులు కూడా వేయించమని రాశాను.

చెయ్యి కడుక్కుని ఆవిడ లోపలికి పోయి, కుట్టుమిషను సొరుగులో నుంచి టేపు తెచ్చారు. వద్దు వద్దంటూనే ఆయన లేచి నిలబడి, తువ్వాలు తీసి కుర్చీ మీద వేసి, రెండు చేతులూ పైకెత్తారు.

ఆయన: రంగు ఏదో అడిగావా? నాకు బూడిద రంగు నప్పదు.

ఆవిడ: ముందు ఆ పొట్టను లోపలికి లాక్కోవడం మానండి, ఆవిడ సొంత డబ్బుతో ఊలు కొని అల్లుతోంది, తప్పు కొలత పంపిస్తే పాపం.